ప్రారంభోత్సవ వీరులు

2024 జులై 26, రాత్రి పదకొండు గంటలు. చిక్కబళ్ళాపురం జిల్లా బాగేపల్లి వైపు ఒక ఇంట్లో టీవీ ముందు చాపలు పరిచారు. పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం. సెన్ నదిలో పడవలు బారులు తీరాయి. మన జెండా పట్టుకుని పి.వి.సింధు, శరత్ కమల్. పైన జోరువాన.

"ఆటలాడే బిడ్డల్ని అట్లా తడిపితే ఎట్లప్పా?" అంది అవ్వ.

"తడిస్తే తడిసిరిలే, ఏటి నిండా నీళ్ళు చూడు. మన చిత్రావతిలో అయితే ట్రాక్టర్లలోనే ఊరేగించాల!" అన్నాడు మనవడు.

సెన్‌లో ఈతకు 1923 నుంచి నిషేధం ఉండేది. ఈ ఆటల పేరు చెప్పి దాదాపు 140 కోట్ల యూరోలు పోసి దాన్ని బాగుచేశారు. మన చెరువులకూ యోగం లేకపోలేదు. బెంగళూరు వాడి వదిలేసిన నీళ్ళను రెండు దశల్లో శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార (హెచ్.ఎన్.) వ్యాలీ పథకం గొట్టాల్లో పంపుతున్నారు. మూడో దశ శుద్ధి ఏదయ్యా అని అడిగితే అదిగో, ఇదిగో!

ప్రారంభోత్సవాల్లో మాత్రం పారిస్ మన ముందు దిగదుడుపే. మన జిల్లాకు నీళ్ళు తెస్తామన్న ఎత్తినహొళె పథకానికి చిక్కబళ్ళాపురంలో శంకుస్థాపన 2014 మార్చిలో. మొదటి దశ ప్రారంభోత్సవం 2024 సెప్టెంబరులో, అదీ సకలేశపురం వైపు. పారిస్‌లో అయితే ఉత్సవం ముగిసిన మర్నాడే పతకాలు పంచేశారు.

"మన పథకం ఒలింపిక్స్‌కు పోతే ఏ పందెంలో దిగుతుందిరా?"

"మారథాన్‌లో అవ్వా! పరుగెత్తాల్సింది నీళ్ళు, పరుగెత్తేది బిందెలు."