సీడీ సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: "సీడీలోనే ప్యాచీలు కలిపీరా, ఫార్మేటు కొట్టినాక నెట్టు కాడికెల్లకు."

అవతారిక: విండోస్ ఎక్స్‌పీ ఏలుబడి సాగుచున్న కాలమున, కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేయు అంగడివాడొకడు పనికి కొత్తగా కుదిరిన కుర్రవానికి చేసిన ఉపదేశమిది.

ప్రతిపదార్థము: సీడీలోనే = 700 మెగాబైట్లకు మించి ఇముడ్చుకొనలేని ఆ బిళ్ళయందే; ప్యాచీలు = మైక్రోసాఫ్టువారి దోషపరిహారములను ("పేచీలు" అను పాఠాంతరమును గ్రహించినను అర్థహాని లేదు); కలిపీరా = విలీనము చేయుమురా; ఫార్మేటు కొట్టినాక = డిస్కును నిశ్శేషముగా తుడిచి వ్యవస్థను పునఃప్రతిష్ఠించిన పిమ్మట; నెట్టు కాడికి = అంతర్జాలము చెంతకు; ఎల్లకు = పోకుము.

వ్యాఖ్య: "ముందు స్థాపించి, పిదప దిద్దుబాట్లను నెట్టునుండి దించుకొనిన నేమి?" అని పూర్వపక్షి శంకించును. దిద్దుబాట్ల మూటయగు సర్వీస్ ప్యాకులలో, 2008లో వెలువడిన ఎక్స్‌పీ మూడవ ప్యాకు పూర్తిప్రతి 300 మెగాబైట్లకు పైబడినది; 56 కిలోబిట్ల డయలప్పు క్షణమైనను తెగక పూర్ణవేగమున నడచినను దానికి పండ్రెండు గంటలు చాలవు. ఫైలిన్ తుఫాను వీచిన 2013 అక్టోబరు వంటి దినములలో కాశీబుగ్గ చుట్టుపట్ల నున్న ఉద్దానమున నెట్టు మాట యటుంచి కరెంటే దుర్లభము. అదియునుగాక, 2003 ఆగస్టున వ్యాపించిన బ్లాస్టర్ అను కంప్యూటరు పురుగు, దిద్దుబాటు లేని యంత్రము నెట్టును తాకిన నిమిషములలోనే చొరబడుటచే, రక్షణకై పోయిన దారియే ఆపదకు ద్వారమయ్యెను.

కలుపుట త్రివిధము. మొదటిది ప్రత్యక్ష విలీనము: సర్వీస్ ప్యాకును ఇంటిగ్రేట్ అను ఆజ్ఞతో నడపగా, సీడీనుండి దించుకొన్న ఐ386 ఫోల్డరులోని పాత ఫైళ్ళ స్థానమున కొత్తవి నిలుచును. రెండవది అనుబంధము: చిన్న దిద్దుబాట్లను ఎస్‌వీసీప్యాక్ జాబితాలో చేర్చగా, తెరపై 13 నిమిషములు మిగిలినట్లు కనబడు వేళ అవి యొక్కొక్కటిగా అమలగును; ఇందు చోటును కాలమును రెండును వ్యయమగును. మూడవది ఎన్‌లైట్ వంటి సాధనము: ఇది సర్వమును మౌసు నొక్కులతో చేయించుటయేగాక అనవసరములను తొలగింపుమని కూడ ప్రలోభపెట్టును. ఆ యుత్సాహమున ప్రింటరు విభాగమును కోసివేసినవాడు, జీడిపప్పు వర్తకుని బిల్లు అచ్చుకానప్పుడు టెక్కలి పారిపోయినను తప్పించుకొనలేడు.

సిద్ధాంతము: ప్రత్యక్ష విలీనమే శ్రేష్ఠము. పలాసలో జీడిపిక్కను కాల్చి, కొట్టి, పొట్టు ఒలిచి పంపుటచే తినువాని యింట ఆ శ్రమ లేనట్లు, ఒకచోట పడిన పాటు అనేక యంత్రములకు తప్పును. అయితే ఇట్లు విలీనమైన సర్వీస్ ప్యాకును తరువాత వేరుచేసి తొలగింప వీలుపడదని యెరుగవలెను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో ఆదరణ ముగిసినను, విండోస్ 7 మొదలుగా డిజమ్ అను సాధనము స్థాపన ఇమేజిని తెరచి దానియందే దిద్దుబాట్లను పొదుగుచున్నది గనుక, మార్గము మారెనేగాని సూత్రము చెడలేదు.

తాత్పర్యము: ప్రతి యంత్రమును దిద్దుటకంటె ప్రతిని దిద్దుట మేలు, దిద్దని ప్రతినొకదానిని బీరువాలో దాచుకొనుట అంతకంటె మేలు.