జాగా వేరు, స్పీడు వేరు

నా తెలివితక్కువతనానికి అంకెల ఆధారం కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లోకి ఎస్ఎస్‌డీ కొనబోతే 250 జీబీకీ 500 జీబీకీ చదివే వేగం ఒకటే కనిపించింది. రాసే వేగం అనే వరస కిందే ఉంది; అటు చూడలేదు. "బావా, ఇంకొంచెం వేసి పెద్దది తీసుకో, స్పీడుగా ఉంటుంది" అన్నాడు మా బామ్మర్ది. "జాగా వేరు, స్పీడు వేరురా" అని షాపులో నలుగురూ వినేలా పాఠం చెప్పాను. షాపతను నవ్వితే మెచ్చుకున్నాడనుకున్నాను.

పెళ్లి వీడియోలున్న పోర్టబుల్ డ్రైవు తగిలిస్తే, కాపీ కాసేపు జోరుగా సాగి ఉన్నట్టుండి చతికిలబడేది. కేబుల్ మార్చాను. యాంటీవైరస్‌ను తిట్టి తీసేశాను. ఎండలు కదా అని టేబుల్ ఫ్యాను ల్యాప్‌టాప్ వైపు తిప్పాను. ఫ్యాను ముచ్చట ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

అసలు సంగతేమిటంటే, కంట్రోలర్ డేటాను ముక్కలు చేసి ఫ్లాష్ మెమరీలో చాలా చోట్ల ఒకేసారి రాయిస్తుంది. మడిలో నలుగురు దిగి నాట్లేస్తే ఒక తీరు, ఎనిమిదిమంది దిగితే ఒక తీరు. సామర్థ్యం తగ్గితే కూలీలూ తగ్గుతారు. పైగా, వచ్చినదాన్ని సెల్‌కు ఒక్క బిట్టు చొప్పున గబగబా రాసుకునే క్యాష్ కూడా చిన్న డ్రైవులో చిన్నదే. నేను కొన్నదాని పేరెందుకు గానీ, 2018 నాటి శాంసంగ్ 970 ఎవో చూడండి. చదవడం రెండు సైజులకూ సెకనుకు 3,400 ఎంబీ. రాయడం 250 జీబీకి 1,500, 500 జీబీకి 2,300. క్యాష్ 13 జీబీ, 22 జీబీ. అది నిండితే 300, 600. అయితే 1 టీబీకీ 2 టీబీకీ రాసే వేగం ఒకటే, 2,500. పెద్దదయ్యేకొద్దీ పెరుగుతూనే ఉండదని బామ్మర్దికి చెప్పి కాస్త పరువు దక్కించుకోబోయాను. వాడు ఫ్యాను వైపు చూశాడు.

2022లో ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ 256 జీబీ మోడల్‌లో ఒకే ఫ్లాష్ చిప్ పెట్టడంతో, డిస్కు పాత ఎం1 కంటే నెమ్మదించిందని గోలయింది. "చూసుకుని కొనొద్దూ?" అని నవ్విన పెద్దమనిషినీ నేనే.

డ్రైవు అంచులదాకా నిండితే ఇంకా నీరసపడుతుందని తెలిసి, జాగా కోసం భోజనాల వీడియో మొత్తం చెరిపేశాను. ఆ పెళ్లి బామ్మర్దిది. వాడికింకా చెప్పలేదు.