తార్నాకలో మిద్దెతోట: మునగదలచిన వారికి సూచనలు

ముందుగా ముహూర్తం. ఇంటి పంట మొదలుపెట్టడానికి ఏప్రిల్‌ని మించిన నెల లేదు. పిల్లల పరీక్షలు అయిపోతాయి, యూట్యూబ్ చూడ్డానికి తీరిక దొరుకుతుంది. మృగశిర కార్తె దాకా, అంటే జూన్ 7, 8 తారీకుల దాకా ఆగమని ఊరి నుంచి పెదనాన్న ఫోన్ చేస్తే, ‘అవన్నీ పొలాలకు పెదనాన్నా, ఇది సిటీ’ అనేయండి. వెంటనే టమాటా నారు నాటండి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా సెగ తగ్గకపోతే టమాటా పుప్పొడి చెడుతుంది, పూత పిందె కట్టకుండానే రాలిపోతుంది. మే నెలలో మన దగ్గర 40 మామూలే కదా. పూత రాలగానే బలం చాల్లేదని తేల్చుకుని గుప్పెడు డీఏపీ వేయండి. మొక్క మాడితే ఇంకో గుప్పెడు.

మట్టి మాత్రం అడుగు లోతు ఉండాల్సిందే, మిద్దె అంతటా. తడిసిన మట్టి ఆ లోతున చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే మిద్దె మీద అదనపు బరువు కింద భారతీయ ప్రమాణాలు లెక్కగట్టమన్నది 150 కిలోలు. ఇంజనీరును అడిగారో, మడులు దూలాల మీదుగా పెట్టుకోండి, మట్టిలో కొబ్బరిపొట్టు కలిపి బరువు తగ్గించండి అని ఉత్సాహం చంపేస్తాడు. స్లాబుకు చెమ్మ పట్టిందని కింద వాటాలో అద్దెకున్నవాళ్లు ఎలాగూ పైకొస్తారు. అప్పుడు చూసుకోవచ్చు.

ఎరువు ఆన్‌లైన్‌లోనే కొనాలి, అందమైన ప్యాకెట్లలో. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు వెళ్తారుగా. వేసవి ముంగిట ఆర్ట్స్ కాలేజీ వైపు వేపాకు, కానుగాకు కాళ్ల కింద కరకరలాడుతుంటుంది. రెండు గోనెసంచుల ఆకు, వంటింటి తొక్కలు, కాసిన్ని పుల్లమజ్జిగ చిల్లుల డ్రమ్ములో వేసి, తడి ఆరకుండా తిరగేస్తూ ఉంటే వానాకాలానికి ఎరువు చేతికొస్తుంది. అయితే రిటైరైన ప్రొఫెసరు గారు గోనెసంచి భుజాన వేసుకుని తార్నాక చౌరస్తా దాటితే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఊడ్చిన ఆకును ఎవరో ఒకరు తగలబెడతారు. ఆ పొగ పీలుస్తూ నడక పూర్తి చేయండి.

అదే దారిలో కంచెల మీద దొండతీగలు పాకి ఉంటాయి. కొమ్మ విరిచి తెచ్చుకోండి, ఉచితం. దొండలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. కాయ కాసిన తీగ నుంచే ముక్క తీసుకోవాలన్నది చాదస్తం. మగదైతే తెల్లటి పూలు ఏడాది పొడుగునా పూస్తుంది, ఫొటోలకు బాగుంటుంది. ఆడదైనా భయం లేదు, అడవి జాతి కాకిదొండ చేదుగా ఉంటుంది. కోసేవాడుండడు.

ఏం పండించాలన్నది పెద్ద ప్రశ్నేమీ కాదు. ఇంట్లో ఎవరూ తిననిదై ఉండాలి. లెట్యూస్, బ్రకోలి, స్ట్రాబెర్రీ. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మీ వీధికి కూతవేటు దూరంలోనే ఉంది. 2017లో వాళ్లు అచ్చువేసిన 528 ఆహార పదార్థాల పట్టికలో తోటకూర, గోంగూర, మునగాకు ఉన్నాయి. ఆ పుస్తకం జోలికి పోకండి. అలాగే ఉప్పల్ మీదుగా వరంగల్ దారి పట్టి నారపల్లి వెళ్లకండి. అక్కడ కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మిద్దె మీద ఏళ్ల తరబడి కూరగాయలు పండించారు, ఆ అనుభవంతో ‘మిద్దెతోట’ అని పుస్తకమూ రాశారు. చదివితే మీకు అనుమానాలు తీరిపోయే ప్రమాదం ఉంది.

మందార కొమ్మ మీద చీమలు బారులు తీరితే చీమల మందు చల్లండి. కొంచెం వంగి కణుపు దగ్గర చూస్తే దూది అంటించినట్టు తెల్లగా పిండినల్లి కనిపిస్తుంది, దాని ఒంట్లోంచి కారే తీపి కోసమే చీమలు ఎక్కుతున్నాయని తెలుస్తుంది. చవకగా సబ్బునీళ్లతో కడిగేస్తే పోతుంది కూడా. కాబట్టి వంగకండి.

నీళ్ల సంగతి ఒక్క ముక్క. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. వంద చదరపు మీటర్ల మిద్దె మీద పడేది 80 వేల లీటర్లు. అంతా పైపు గుండా రోడ్డు మీదకు వదిలేయండి, పల్లంలో ఉన్న హబ్సిగూడ వాళ్లు చూసుకుంటారు. మీకు ట్యాంకరు ఉంది.

వానలు పడగానే అమెరికాలో అబ్బాయి దగ్గరికి బయల్దేరండి. కుండీలకు నీళ్లు పోయమని వాచ్‌మన్‌కి చెప్పండి, ఏం నాటాలో మాత్రం అడగొద్దు. పాలమూరులో సేద్యం చేసి వచ్చినవాడికి ఏం తెలుస్తుంది? దసరాకి తిరిగొచ్చేసరికి మీ లెట్యూస్ కుళ్లి ఉంటుంది. అతను ఆ కుండీలో చిక్కుడు గింజలు పెట్టి, పందిరికి తాడు కట్టి ఉంటాడు. పొద్దులు తగ్గాకే చిక్కుడు పూతకొస్తుంది, సంక్రాంతికి గంపలకొద్దీ కాస్తుంది. ఇంకా కాయ పడలేదు కదా, ఆకులు తప్ప ఏముంది? వెంటనే పీకించి, అదే కుండీలో మళ్లీ లెట్యూస్ నారు నాటించండి.