ఊదినవాడి పేరు

మా రోజుల్లో పెళ్లి ఊరేగింపు వస్తోందంటే రెండు వీధుల అవతల ఉండగానే తెలిసేది. బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదే ఆయన బుగ్గలు బూరెల్లా పొంగేవి, మెడ నరాలు తేలేవి. పిల్లలం ఆయన మొహమే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచేవాళ్లం. ఇప్పుడో? డబ్బాలు పేర్చిన బండి మీద డీజే వస్తాడు, మీట నొక్కుతాడు, కిటికీ అద్దాలు అదురుతాయి. ఊదే మనిషేడిరా అంటే మా మనవడు నవ్వుతాడు.

నవ్వు నాయనా, నవ్వు. ట్రంపెట్‌కి ఉండేవి మూడే మీటలు. మిగతాదంతా పెదవుల బిగువు, ఊపిరి. పెదవి అలిసిందా, స్వరం చిట్లిపోతుంది.

రేడియో సిలోన్‌లో పొద్దున ఏడున్నరకి పాత హిందీ పాటలు వేసేవారు. చివర్లో సైగల్ పాట అవగానే మా నాన్న సైకిలు బయటికి తీసేవాడు. ఆ అరగంటలో ‘అల్బేలా’ పాట వచ్చిందంటే నాకు పండగే. 1951 సినిమా, సి. రామచంద్ర సంగీతం. మన ఎన్టీఆర్ తీసిన ‘అక్బర్ సలీం అనార్కలి’కి స్వరాలు కట్టిందీ ఆయనే. ఆ ‘అల్బేలా’ పాటల్లో ట్రంపెట్ ఒకటి ఉండేది, ఒళ్లు ఝల్లుమనేది.

ఊదింది చిక్ చాకొలెట్. అసలు పేరు ఆంటోనియో జేవియర్ వాజ్, గోవాలో అల్డోనా ఊరు, 1916లో పుట్టాడు. అక్కడి చర్చి బడుల్లో పిల్లలకి పాశ్చాత్య స్వరలిపి చదవడం నేర్పేవారు. ఆ చదువే ఎందరో గోవా వాళ్లకి బొంబాయిలో అన్నం పెట్టింది. ఈయన తాజ్‌మహల్ హోటల్లో జాజ్ వాయిస్తే అమెరికా ట్రంపెట్ దిగ్గజంతో పోల్చి భారతదేశపు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్నారు. 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చాక హోటళ్ల సందడి తగ్గింది, సినిమా స్టూడియోలు ఆదుకున్నాయి.

ఆ స్టూడియోల్లో పనంటే ఇప్పటి పనా? గాయకుడూ వాద్యబృందమూ ఒకే గదిలో, ఒకేసారి. పాట చివర్లో ఒక్క వయొలిన్ తప్పినా మళ్లీ మొదటినుంచి అందరూ! పదోసారికి పెదవులు మొద్దుబారినా ట్రంపెట్ మొదటిసారంత తాజాగా పలకాలి. ఇప్పుడు ఎవరి ముక్క వాళ్లు ఎప్పుడో వాయించి వెళ్తారు, తప్పుని కంప్యూటర్లో గోకేస్తారు. అసలు మనిషే అక్కర్లేదట, కీబోర్డులోనే ట్రంపెట్ ఉందట. ఎక్కడా ఊపిరి పీల్చుకోని ట్రంపెట్! అదేం ట్రంపెట్రా?

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మా రోజుల్లో రికార్డు మీద సినిమా పేరుండేది, గాయకుల పేర్లుండేవి, సంగీత దర్శకుడి పేరుండేది. ఊదినవాడి పేరు ఉండేది కాదు. ఆ ధ్వనిని జీవితమంతా ప్రేమించాను, ఎవరిదో తెలియకుండానే. 1967లో ఆయన పోయినప్పుడు నాకు తెలియనే లేదు. మొన్న మా మనవడు ఫోన్లో ఒక్క నిమిషంలో పేరు చెప్పాడు. ‘అల్బేలా’ పాట పెట్టి, బొమ్మ ఆపి, “ఇదిగో తాతయ్యా, ఈయనే” అన్నాడు. కుచ్చుల చొక్కా, చేతిలో ట్రంపెట్. ఆ సినిమా నేను రెండుసార్లు చూశాను, హీరో భగవాన్‌నీ హీరోయిన్ గీతాబాలీనీ తప్ప ఎవర్నీ చూడలేదు.

“మళ్లీ మొదటినుంచి వెయ్యరా” అన్నాను.