మా పనికొక సాక్షి

మామిడిపండ్లును వడగాడ్పులును ఏకకాలమున వచ్చు వేసవిమాసములలో మా థర్మల్ విద్యుత్కేంద్రపు ముఖద్వారమునొద్ద మూడవ వస్తువొకటి ఏటేట ప్రత్యక్షమగుచుండెడిది. మెడలో కళాశాలవారి గుర్తింపుచీటీయు, చంకలో ఆధారు నకళ్లును ప్రిన్సిపాలుగారి సిఫారసులేఖయు నిమిడిన ప్లాస్టిక్ ఫైలును, కన్నులలో గేట్ పాస్ ఎప్పటికి దొరకునో యను దైన్యమును ధరించి, సెక్యూరిటీవారి రేకులపందిరి క్రింద బారులుతీరి నిలిచిన ఇంజనీరింగు విద్యార్థిబృందమే యా మూడవ వస్తువు. వారు ఇంటర్న్‌షిప్‌నకు వచ్చినవారు.

వారిని జ్ఞానతృష్ణయే అచ్చటికి తరుముకొని వచ్చినదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. పిలానీలోని బిట్స్ వారు 1973లోనే ‘ప్రాక్టీస్ స్కూల్’ అను పేర తమ విద్యార్థులను కర్మాగారములకు పంపనారంభించిరి గాని, అది చిరకాలము కొందరి ముచ్చటగనే నిలిచెను. పిమ్మట ఏఐసీటీఈ వారు ఇంజనీరింగు చదువులో ఇట్టి శిక్షణకు 600 మొదలు 700 గంటలవరకు కేటాయింపవలెననిరి. ఆంధ్రప్రదేశమున మూడేండ్ల డిగ్రీ చదువువారికి సైతము 2020-21 నుండి 10 నెలల ఇంటర్న్‌షిప్ విధిగా నేర్పడెను. గంటలు నిర్ణయమైనవి, క్రెడిట్లు నిర్ణయమైనవి. అన్ని గంటలపాటు పిల్లలకు చూపదగిన పని మీయొద్ద నున్నదా యని మాత్రము మావంటివారిని ఎవ్వరును అడిగినవారు లేరు.

రెండునెలలలో వీరేమి నేర్తురని పెదవి విరుచు పెద్దలకు భాగవతమే సమాధానము చెప్పుచున్నది. బలరామకృష్ణులు సాందీపని యొద్ద 64 దినములలో 64 కళలు అభ్యసించిరి. లెక్కకది నేటి వేసవి ఇంటర్న్‌షిప్‌తో ఇంచుమించు సరిపోవును. ఆనాడు కట్టెలకు పంపిరి, ఈనాడు జిరాక్సులకు పంపుచున్నాము. తుదకు గురువుగారు సముద్రమున గతించిన కుమారుని తెచ్చి యిమ్మనగా శిష్యులు యమపురివరకు పోయివచ్చిరి. మా శిష్యులు ధ్రువపత్రముకొరకు హెచ్.ఆర్. విభాగమువరకు పోయివచ్చుచుండిరి, వారి ముఖములు చూచినచో ఏది దూరమో చెప్పుట కష్టము. ఐనను సాందీపని అదృష్టవంతుడు. ఆయన శిష్యుల చేతిలో, మా ఇంటర్నులకువలె, దినదినము నింపవలసిన దినచర్యపుస్తకము లేదు.

నేను కంట్రోల్ రూములో షిఫ్ట్ ఇంజనీరును. మా కేంద్రమును చూడవచ్చువారికి చూపదగినది మిక్కిలి స్వల్పము. టర్బైను నిమిషమునకు 3000 చుట్లు తిరుగును. ఉక్కుతొడుగు లోపల నుండుటచే అది కానరాదు. సుమారు 540 డిగ్రీల వేడిగల ఆవిరి గొట్టములలో ప్రవహించును, అదియు కానరాదు. విద్యుత్తు సంగతి చెప్పనే యక్కరలేదు. కంటికి గనబడునవి రెండే: మన బొగ్గులో నూటికి 35 మొదలు 40 పాళ్లవరకు నుండు బూడిద యొకటి, కూర్చున్న ఇంజనీర్లు రెండవది. సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు కావలెనన్నచో టర్బైను ఆ 3000కు ఎక్కువయు తక్కువయు తిరుగరాదు గనుక, ఏమియు మారకుండ చూచుటకే ప్రభుత్వము మాకు జీతమిచ్చుచుండెను.

విద్యార్థులలో పెక్కుమంది దీనిని శీఘ్రముగనే గ్రహించి, ట్రైనింగు హాలులోని ఏసీ చల్లదనమునందు సెల్‌ఫోనులతో కాలక్షేపము చేయుచు, తుదివారమున సీనియర్లనుండి సంక్రమించిన ప్రాజెక్టు రిపోర్టును నకలు చేసి యొప్పగించెడివారు. ఆ రిపోర్టు మా యూనిట్ కంటె దీర్ఘాయుష్మంతము. పదవీవిరమణ చేసి ఏండ్లు గడచి మనుమలతో నాడుకొనుచున్న ఒక ఇంజనీరుగారికి, ‘అనుక్షణము వెన్నంటి మార్గము చూపినందులకు’ ఏటేట క్రొత్త విద్యార్థులు కృతజ్ఞతలు సమర్పించుచునే యుండిరి. ఆయన కీ సంగతి తెలిసినచో పింఛను పెంపుమని యర్జీ పెట్టియుండును.

నా ఉద్యోగపు చివరి వేసవిలో మాత్రము నకలు చేయని బాలిక యొకతె వచ్చెను. ఎలక్ట్రికల్ శాఖ, మూడవ సంవత్సరము. నా ప్రక్క కుర్చీలో కూర్చుండి, కొంతసేపు నావంకను, కొంతసేపు నేను చూచుచున్న తెరవంకను చూచి, మృదువుగ నడిగెను:

“సార్, ఇప్పుడు మీరేం చేస్తున్నారు?”

“చూస్తున్నానమ్మా.”

“దేన్ని సార్?”

“రీడింగులను.”

“అవి మారుతున్నాయా సార్?”

“మారకూడదమ్మా.”

ఆమె దానిని వ్రాసికొనెను. ఆడిటర్లు వచ్చిరి, బాయిలరు ఇన్స్పెక్టర్లు వచ్చిరి, మంత్రులు పూలదండలతో వచ్చి పోయిరి; వారందరును ఫైళ్లను గూర్చి యడిగిరే గాని, నీవిప్పుడేమి చేయుచున్నావని నన్ను సూటిగ నడిగినవారు నా సర్వీసులో అంతకుమున్ను లేరు. విద్యార్థికి పరిశ్రమను చూపుటకని పెద్దలు కల్పించిన ఏర్పాటు, పరిశ్రమను చూచిపోవుటకొక సాక్షిని లోనికి పంపుచున్నదని నాకానాడు స్ఫురించెను.

వారమునకొకమారు ఆ దినచర్యపుస్తకము నా ముందునకు వచ్చుచుండెను. అందు ఆనాటి పని యొక గడి, దానివలన నేర్చినది యొక గడి, బాధ్యుని సంతకమునకొక గడి. ఆమె ఆంగ్లమున వ్రాసినది తెనుగున నిట్లుండును: “10 గంటలకు సార్ టీ తాగారు. తెర వైపు చూశారు. 10.40కి ఫోనులో బూడిద గురించి మాట్లాడారు. మళ్లీ చూశారు.” ఇందులో అసత్యమొక్కటియు లేదు. ఇట్టిదాని క్రింద నా హోదాతో, తేదీతో, రబ్బరుముద్రతో సంతకము చేయవలసి వచ్చెను.

మరుసటి సోమవారము ఆ పుస్తకమునకు కొంత గాంభీర్యము చేకూర్పదలచి, నేను కుర్చీనుండి లేచి, చేతులు వెనుకకు కట్టుకొని, పానెలు ముందు పచారు చేయసాగితిని. ఒకచోట నిలిచి తల పంకించితిని. కంట్రోల్ రూములో షిఫ్ట్ ఇంజనీరు నిష్కారణముగ లేచుట మా శాస్త్రములో లేదు. ఆపరేటరు టీ గ్లాసు క్రిందపెట్టి, “ఏమైంది సార్?” అనెను. రెండవ ఆపరేటరు బొగ్గు విభాగమునకు ఫోను చేసెను. బొగ్గువారు బాయిలరువారికి చేసిరి. పావుగంటలో డివిజనల్ ఇంజనీరుగారు హెల్మెట్ పెట్టుకొని రొప్పుచు వచ్చి, ఏమియు కాలేదని తెలిసికొని, నావైపు చాలసేపు చూచి వెడలిపోయిరి. ఆనాటి గడిలో నిట్లున్నది: “సార్ లేచి నిలబడ్డారు. అందరూ భయపడ్డారు. నేర్చుకున్నది: ఇక్కడ కూర్చుని ఉండటమే క్షేమం.”

ఇంతకంటె లోతుగ మా వృత్తిని నిర్వచించినవారిని నేనెరుగను. ఆ సంతకమును మాత్రము సంతోషముగ చేసితిని.

జూను మాసమున బాయిలరు గొట్టమొకటి పగిలెను. యూనిట్ ట్రిప్ అయ్యెను. అలారములన్నియు నొక్కుమ్మడి మ్రోగినవి, నలువైపులనుండి ఫోనులు, హైదరాబాదునుండియు, ఢిల్లీనుండియు వచ్చిన ప్రశ్నలకు పరస్పర విరుద్ధములు గాని సమాధానములు చెప్పుచు, ఆవిరిని దించుచు, మనుష్యులను లోపలికి పంపుచు, మరునాటి సాయంకాలమువరకు కనురెప్ప వాల్పక, నా జీవితమున నెన్నడును చేయనంత పని చేసితిని. ఆ మహోద్యమమును చూడదగిన యొకేయొక సాక్షిని భద్రతానియమములను అనుసరించి మొదటి నిమిషముననే బయటికి పంపివేసిరి.

ఆ వారమున పుస్తకము యథావిధిగ వచ్చెను. “యూనిట్ ఆగిపోయింది కాబట్టి సార్ వాళ్లకు ఈరోజు పని లేదు. మమ్మల్ని క్యాంటీన్‌కు పంపారు. నేర్చుకున్నది: 11 గంటల తర్వాత ఇడ్లీ దొరకదు.”

ఇడ్లీని గూర్చిన భాగము యథార్థమే గనుక సంతకము చేసితిని.