పాత కారు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఢిల్లి పాత కారు డీజిలు బండిని
కొన్నవాడు తాను కోరి నడిపి
వింధ్య గిరులు దాటి వేగిరపడకుండ
నింటి ముందు నిలుప నెంత ఘనుడు!

ఛందస్సు ఆటవెలది. కర్త పేరు దొరకలేదు. పద్యం పుట్టిన చోటు కరోల్‌బాగ్, చేరిన చోటు కామారెడ్డి.

ప్రతిపదార్థం

ఢిల్లి = రాజధాని నగరమందలి; పాత = పదేండ్లు నిండవచ్చిన; కారు = కారు అనెడి; డీజిలు బండిని = డీజిలు త్రాగి నడచు శకటమును; కొన్నవాడు = అడ్వాన్సు ఇచ్చి, ఇక వెనుకకు పోలేనివాడు; తాను = స్వయముగా; కోరి = ఇంటివారు వలదన్నను; నడిపి = స్టీరింగు పట్టి; వింధ్య గిరులు దాటి = ఎన్‌హెచ్ 44 మార్గమున దక్షిణమునకు వచ్చి; వేగిరపడకుండన్ = తొందరపాటు లేక; ఇంటి ముందు = సొంత వాకిట; నిలుపన్ = ఆపగా; ఎంత ఘనుడు = ఎంతటి గొప్పవాడు!

తాత్పర్యం

ఢిల్లీలో పాత డీజిల్ కారు కొని, దాన్ని తానే నడుపుకుంటూ, వింధ్య పర్వతాలు దాటి, నిదానంగా ఇల్లు చేరినవాడు చాలా గొప్పవాడని భావం. ఇంతవరకు తేలికే.

విశేషాలు

“పాత”: ఈ మాటకు లోకంలో ఒక అర్థం, ఢిల్లీలో ఇంకొకటి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగరాదని 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అందుచేత అక్కడ తొమ్మిదో ఏడు నడుస్తున్న కారుకు శని పట్టినట్టే. అదే కారుకు మన దగ్గర మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆపైన రెన్యువల్ ఉంది. అంటే యమున ఒడ్డున ఆయువు తీరిన బండికి మంజీర ఒడ్డున ఇంకా ఐదారేళ్ల యౌవనం. ధర తక్కువగా ఉండటంలోని రహస్యం ఇదే. అమ్మేవాడి మంచితనం ఏమీ లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద కఠిన చర్యలు తీసుకోవద్దంది. నాటి నుంచి అమ్మేవాడు కొత్త మాట ఉదహరించి ధర పెంచుతాడు, కొనేవాడు పాత మాట పట్టుకుని దించుతాడు. ఇద్దరి చేతిలోనూ శాస్త్రప్రమాణమే.

“కారు... బండిని”: ఇచ్చట పునరుక్తి దోషమని కొందరు ఆక్షేపిస్తారు. దోషం కాదు. డబ్బు చేతులు మారేదాకా అది కారు. “సింగిల్ ఓనర్, డాక్టర్‌గారు వాడింది, ఆదివారాలు గుడికి తప్ప తీయలేదు” అన్న స్తోత్రమంతా కారుకు చెందింది. డబ్బు ఇచ్చి సందు మలుపు తిరగగానే ముందు చక్రంలోంచి టకటక వినిపిస్తుంది. అప్పటి నుంచి బండి. కవి రెండు పదాలు వాడి మధ్యలో బేరం మొత్తం సూచించాడు.

కిలోమీటర్ల మీటరు ప్రక్షిప్తం కావచ్చు గనుక పండితులు దాన్ని ప్రమాణంగా తీసుకోరు. టైరు గోడ మీద నాలుగంకెల శాసనం ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని అర్థం. నాలుగు టైర్లకు నాలుగు కాలాలు కనబడితే ఆ కావ్యానికి కర్తలు చాలామంది. ఛాసిస్ నంబరు మాత్రం ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడాలి, అక్కడ పాఠాంతరం పనికిరాదు.

“తాను”: లారీ ట్రాలీ మీద ఎక్కించి పంపే ఏర్పాటు ఉన్నా వద్దన్నాడని భావం. కారణం ధైర్యం కాదు, అనుమానం. సుమారు 1,450 కిలోమీటర్లు పక్కన కూర్చుంటే గానీ పాత బండి తన రోగాలు చెప్పదు. అయితే “తాను” అనడంలో కవి పక్షపాతం ఒకటుంది. సగం దూరం నడిపింది బామ్మర్ది. ఆగ్రా దాకా నిద్రపోయి, ఝాన్సీ దాటాక స్టీరింగు తీసుకుని, సాగర్ బైపాస్‌లో ఆలూ పరాఠా తిని, నర్మద దాకా ఆపకుండా తోలినవాడికి పద్యంలో ఒక్క గణం కూడా ఇవ్వలేదు.

“వింధ్య గిరులు”: అగస్త్యుడు దాటినప్పుడు వింధ్యుడు తల వంచాడు. ఈ బండి దాటినప్పుడు అట్టిదేమీ జరగలేదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద 165 కిలోమీటర్లు సిమెంటు రోడ్డు. ధోల్‌పూర్ దాటాక ఘరియాల్ మొసళ్లున్న చంబల్. ఇక గ్వాలియర్, ఝాన్సీ, లలిత్‌పూర్. సాగర్ దగ్గరి వింధ్య ఎక్కామో లేదో కూడా తెలియదు. నిజమైన పరీక్ష నర్మద దాటాక, సివనీకి ముందు, సాత్పురా ఎక్కే దారిలో. అక్కడ టెంపరేచర్ ముల్లు పైకి జరిగింది. “బావా, ఏసీ బంద్ జెయ్యి, ఇంజిన్ గుంజుతలేదు” అని బామ్మర్ది. ఏసీ బంద్ చేసి, అద్దాలు దించి, చెమటలో ఎక్కారు. మరి పద్యంలో సాత్పురా ఏది? యతి కోసం విడిచాడు. వింధ్యకు వేగిర కుదిరింది, సాత్పురాకు కుదిరే మాట దొరికి ఉండదు. “గిరులు” అన్న బహువచనంలో సాత్పురాను కూడా కలుపుకోవాలని నా మతం. ఆ సాత్పురా అడవుల్లోనే పెంచ్ వద్ద రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి, కింద పులులకు దారి విడిచారు. పులికి టోల్ లేదు.

టోల్ అన్నాక ఫాస్టాగ్ ప్రస్తావన రాక తప్పదు. అద్దానికి అంటించిన ట్యాగు పాత యజమానిది. అతడు రద్దు చేయించలేదు, మనవాడు గుర్తు చేయలేదు. గేటు తెరుచుకున్నప్పుడల్లా డబ్బు ఢిల్లీలో కోత పడి, మెసేజ్ అక్కడ మోగింది. గ్వాలియర్ దాటగానే ఫోను: “భాయ్‌సాబ్, మేరా పైసా కట్ రహా హై!” ఆ తర్వాత ప్రతి గేటుకూ ఫోను. బండి ఎక్కడుందో కొన్నవాడి ఇంట్లో కంటే అమ్మినవాడి ఇంట్లోనే బాగా తెలిసింది. అతడు ట్యాగు ఆపించాక యూపీఐతో కట్టుకుంటూ వచ్చారు. 2025 నవంబరు 15న వచ్చిన నియమం ప్రకారం ట్యాగు లేనివాడు యూపీఐతో కడితే ఒకటింపావు వంతు, నగదైతే రెట్టింపు. ఆలంకారికులు దీన్ని అతిశయోక్తి అనబోయారు గానీ రసీదు ఉంది.

“వేగిరపడకుండ”: పద్యానికి ప్రాణం ఈ మాటే. గంటకు ఎనభైలో నడిపాడని మాత్రమే అర్థం చెప్పేవారు ఎన్‌వోసీ చూడనివారు. ఆ నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28, లేకుండా కదిలిన బండి వింధ్య దాటినా ఆర్‌టీవో గడప దాటదు. ఫారం 29, 30 మీద అమ్మినవాడి సంతకాలు, బ్యాంకు అప్పు ఉంటే తీరిందని ఫారం 35, కాలుష్య పత్రం, బీమా. బీమా కొత్త పేరుకు మార్చమని పద్నాలుగు రోజుల్లో అడగాలి. వేరే రాష్ట్రం నంబరుతో ఏడాది దాటి ఉంచుకోరాదు, ఈలోగా ఇక్కడి నంబరు తీసుకోవాలి, కారు వయసునూ అసలు ధరనూ బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీలో మిగిలిందనుకున్న దాంట్లో మంచి భాగం ఇక్కడ కరుగుతుంది. బేరం చేసేటప్పుడు ఈ లెక్క ముందే కలుపుకోనివాడికి ఈ పద్యం చదివే అధికారం లేదని నా అభిప్రాయం. ఆ కాగితాల కోసం మనవాడు కరోల్‌బాగ్ లాడ్జిలో పడిగాపులు పడ్డాడు. అది కూడా ప్రయాణంలో భాగమే, చక్రం తిరగలేదన్న మాటే గానీ.

నాగపూర్, హింగన్‌ఘాట్, పాండర్‌కవడ. పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్, తెలుగు బోర్డులు. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద బామ్మర్ది రూపాయి బిళ్ల విసిరాడు. ఇక్కడ చెప్పదగిన విశేషం లేదు, బండి బాగానే నడిచింది.

“ఎంత ఘనుడు”: ఆశ్చర్యార్థకమని అచ్చుప్రతి. వాకిట్లో వినబడిన పాఠం వేరు. “ఎంత?” దగ్గర విరిచి, ధర అడిగినట్టుగా చదివింది ఇల్లాలు. “ఘనుడు” అన్నది ఆమె విన్న తర్వాత వేరే స్వరంలో పలికిన మాట. పక్కింటాయన బానెట్ ఎత్తకుండానే “నాకు చెప్తే నలభై వేలు తక్కువకే ఇప్పిస్తుంటి” అన్నాడు. ఈ పాఠం అన్ని తాళపత్రాల్లోనూ ఉంది. అమ్మ మాత్రం వ్యాఖ్యానం జోలికి పోలేదు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, డీఎల్ నంబరు ప్లేటుకు పసుపు రాసింది.

ఆ డీఎల్ టీజీ కావడం తర్వాతి పద్యంలో విషయం. దాని మొదటి పాదం స్లాట్ బుకింగ్‌తో మొదలవుతుంది, సరిగ్గా యతిస్థానంలో సర్వర్ ఆగుతుంది.