సీసాకు నూటికి నూరు

పాతకాలపు పెద్దమనిషి పరిమళమని అట్టపెట్టె మీద చాటుకుంటూ వచ్చిన ఓ సెంటూ, ముందు నీ సీసాకు నమస్కారం. ఇంత బరువైన గాజు ఈ మధ్య మగవాళ్ల సెంట్లలో నేను చూడలేదు. మూత తిప్పితే సాఫీగా వెళ్లి గట్టిగా కూర్చుంటుంది. లేబుల్ అంచున సన్నటి బంగారు గీత, దాని లోపల చెక్క అచ్చులతో కొట్టినట్టున్న అక్షరాలు, మధ్యలో మీసం మెలేసిన మనిషి బొమ్మ. ఆ బొమ్మ గీసిన చెయ్యి ఎక్కడా తొందరపడలేదు. నీ మీద పెట్టిన డబ్బు ఎక్కడికి పోయిందో సీసా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది.

నీ వంశమూ చిన్నది కాదు. 1868లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ ప్రయోగశాలలో కుమారిన్ తయారుచేశాడు. కోసిన గడ్డి ఆరేటప్పుడు వచ్చే తియ్యటి వాసన దానిది. 1882లో పారిస్‌లో ఊబిగాన్ సంస్థకు పాల్ పార్కే ఆ కుమారిన్‌ను లావెండర్‌తో, ఓక్ చెట్ల నాచుతో కలిపి ‘ఫుజేర్ రాయల్’ కట్టాడు. దానికి ఫెర్న్ మొక్క పేరు పెట్టాడు. ఆ మొక్కకు చెప్పుకోదగ్గ వాసనే లేదు, అంతా ఆయన ఊహ. ఆ దారినే 1973లో పాకో రబాన్, 1978లో అజారో, 1982లో ద్రకార్ న్వార్ అనే సెంట్లు వచ్చాయి. నున్నగా గీసిన గడ్డం వాసన ఎలా ఉంటుందో ఎన్నో దేశాల మగవాళ్లకు నేర్పింది ఫుజేర్ అనే ఈ కుటుంబమే. పార్కే వాసన లేని మొక్కకు వాసన పెట్టాడు. నువ్వు వాసన ఉన్న నాచును వాసన లేకుండా వాడగలిగావు.

ఆ నాచు ఎలాంటిదో మనవాళ్లకు చెప్పడం కష్టం కాదు. బిర్యానీ మసాలాలో వేసే రాతి పువ్వు దానికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో దొరికే షమామా కాచేటప్పుడు కూడా ఈ రాతి పువ్వు వేస్తారు. ఎండిన రేకును అరచేతిలో వేసుకుని నలపండి. మొదట పెద్దగా ఏమీ తెలియదు. చేతి వేడి తగిలిన కాసేపటికి తడిసిన బెరడు, మట్టి, కాస్త సిరా, కాస్త తోలు, అన్నిటి అడుగున ఒక చేదు మెల్లగా లేస్తాయి. పాత ఫుజేర్లను సాయంత్రం దాకా నిలబెట్టింది ఆ చేదే. పైనున్న తీపి వెగటు కాకుండా కాచిందీ అదే.

నీ మర్యాద గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒంటి మీద వేసుకుంటే మొదటి పావుగంట లావెండర్, బెర్గమాట్ నిజంగా బాగుంటాయి. నేనిది మొహమాటానికి అనడం లేదు. ఆ తర్వాత నాచు రావలసిన చోట పౌడరు తీపి వస్తుంది, దాని వెనకే ఇవాళ ప్రతి దుకాణంలోనూ తగిలే అంబ్రాక్సాన్ అనే పరిమళ రసాయనం. ఆఫీసుకు సరిపోతావు, పెళ్లికి సరిపోతావు, లిఫ్టులో పక్కనున్నవాళ్లకు ఇబ్బంది కలిగించవు. ఎవరూ తల తిప్పి నువ్వెవరని అడగరు. పాతవాటికి ఈ నెమ్మది లేదు. అవి కొందరికి బొత్తిగా నచ్చేవి కావు, నచ్చినవాళ్లు జన్మంతా వదిలేవారు కారు.

చట్టం పట్ల నీ విధేయత కూడా మెచ్చుకోదగ్గదే. ఓక్ నాచులో ఉండే అట్రనాల్, క్లోరోఅట్రనాల్ కొందరి చర్మానికి పడవు, దద్దుర్లు లేస్తాయి. యూరోపియన్ యూనియన్ 2017లో వాటిని నిషేధించింది. 2019 ఆగస్టు నుంచి అవి ఉన్న కొత్త సరుకు బజారుకు రాకూడదు, 2021 ఆగస్టు నుంచి పాత సరుకూ అమ్మకూడదు. ఆ నిషేధం న్యాయమైనది. నా ముక్కు సరదా కోసం ఇంకొకరి చర్మం మండాలని నేను కోరను. కానీ చట్టం అడిగింది ఆ రెండింటినే. అవి తీసేసిన నాచు దొరుకుతుంది, ఎవర్నిల్ అనే కృత్రిమ నాచు వాసన కూడా ఉంది. ఓపిక ఉన్న పరిమళకారులు వాటితోనే మంచి చేదు పుట్టిస్తున్నారు. నువ్వు వాళ్లకన్నా విధేయుడివి. చట్టం అడగని చేదును, తోలును, పొగను కూడా వదిలేసుకున్నావు.

నిన్ను కొనేవాళ్లలో నాన్న పోయాక ఆయన షేవింగ్ పెట్టె తెరిచి చూసుకున్న కొడుకులుంటారు. వాళ్లు వెతుక్కునేది బంగారు గీతను కాదు, మీసం బొమ్మను కాదు. అట్ట వెనక ‘తాతల నాటి సూత్రం’ అన్న మాట చదివి, నమ్మి డబ్బులిస్తారు. నీ అచ్చు పని అంత చక్కనిది కదా, అదే బంగారు సిరాతో అదే చోట ఇంకో వాక్యం కూడా వేయించు: ‘ఇందులో పాత నాచు లేదు, దాని బదులు ఇది కలిపాం’ అని, కలిపినదాని పేరుతో సహా. అప్పుడు ఇష్టమైనవాళ్లు లావెండర్ కోసం కొనుక్కుంటారు. ఆ లావెండర్‌కు అంత విలువ ఉంది.